ఎలుగుబంటి తోలు ఆరడానికి 12 రోజులు: ద లాంగ్ డార్క్ చూపించింది ఏంటి, వదిలేసింది ఏంటి?

కొత్త సర్వైవల్ గేమ్ ఏది ఇన్‌స్టాల్ చేసినా నేను ముందు చూసేది గ్రాఫిక్స్ కాదు, ఫ్రేమ్‌రేట్ కూడా కాదు. ఒక జంతువును వేటాడాక దాని తోలును ఆ గేమ్ ఏం చేస్తుందో చూస్తా. ఇదేం టెస్ట్ అనుకుంటున్నారా? కారణం ఉంది, కాస్త ఆగి చెప్తా.

చాలా గేమ్‌లు ఈ టెస్ట్‌లో మొదటి నిమిషంలోనే ఫెయిల్ అవుతాయి. మైన్‌క్రాఫ్ట్‌లో ఆవును కొడితే రెడీమేడ్ లెదర్ కింద పడుతుంది. 2018లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 కొంచెం నయం. ఏ జంతువును ఏ ఆయుధంతో కొట్టారన్న దాన్ని బట్టి తోలు క్వాలిటీ మారుతుంది. కానీ ఆ తోలు ట్రాపర్‌కి ఇచ్చేస్తే చాలు, బట్టలు వచ్చేస్తాయి. మధ్యలో జరగాల్సిన పని ఎవరు చేశారో కనిపించదు. కోనన్ ఎగ్జైల్స్‌లో మాత్రం తోలుతో పాటు చెట్టు బెరడు కూడా వేయాలి. అది చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. ఎందుకో అది కూడా చెప్తా.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన గేమ్ కెనడాకు చెందిన హింటర్‌ల్యాండ్ స్టూడియో చేసిన ద లాంగ్ డార్క్. 2014లో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చి 2017 ఆగస్టులో పూర్తిగా విడుదలైంది. పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్‌లలో ఆడొచ్చు. జాంబీలు లేవు, మల్టీప్లేయర్ గొడవ లేదు. ఉత్తర కెనడా మంచులో మీరు ఒక్కరే. సర్వైవల్ మోడ్‌లో చనిపోతే సేవ్ ఫైల్ కూడా పోవచ్చు.

నిరీక్షణే అసలు మెకానిక్

ఈ గేమ్‌లో జింకను కొట్టగానే పని అయిపోదు, అక్కడే మొదలవుతుంది. మాంసం ఎంత కోయాలి, తోలు తీయాలా, పేగులు తీయాలా అని ఎంచుకోవాలి. ప్రతిదానికీ టైమ్ పడుతుంది. ఆ టైమ్ అంతా మీరు చలిలో ఉంటారు. కళేబరం గడ్డకట్టిపోతే చేతులతో కోయలేరు, కత్తో గొడ్డలో కావాలి. పచ్చి మాంసం వాసనకు తోడేళ్ళు వస్తాయి.

తోలు తెచ్చాక ఇంట్లో నేల మీద పరచాలి. బ్యాగ్‌లో పెట్టుకుని తిరిగితే ఆరదు. కుందేలు తోలుకు 3 రోజులు, జింకకు 5, తోడేలుకు 7, ఎలుగుబంటికి 12. ఆ తర్వాతే వర్క్‌బెంచ్ దగ్గర కూర్చుని చేతి తొడుగులో, బూట్లో, కోటో కుట్టుకోగలరు. పేగులు కూడా ఆరబెట్టాలి, కుట్టడానికి దారం అవే మరి.

వినడానికి బోర్ అనిపిస్తుంది కదా? ఆడితే అలా ఉండదు. మిస్టరీ లేక్‌లో క్యాంప్ ఆఫీస్ నేల మీద నేను రెండు జింక తోళ్ళు పరిచి కూర్చున్నా. మూడో రోజుకు కట్టెలు అయిపోయాయి. కాళ్ళకు చిరిగిన బూట్లు. బయట మంచు తుఫాను. ఇంకో రెండు రోజులు ఆగితే కొత్త బూట్లు వస్తాయి, కానీ ఆగడానికి కట్టెలు లేవు. కట్టెలకు వెళ్ళాలంటే ఆ బూట్లు కావాలి. వెళ్ళా. తిరిగి రాలేదు. నెలన్నర ఆడిన సేవ్ పోయింది. ఆ తోళ్ళు ఎవరి కోసమో ఆరుతూ ఉండిపోయాయి.

కోపం రాలేదు. ఎందుకంటే గేమ్ నన్ను మోసం చేయలేదు. ఇక్కడ టైమ్‌కు ఒక ధర ఉంది. ఆ ధర ఆకలి, చలి, కట్టెల లెక్కలో కట్టాలి.

ఇప్పుడు మన ఫోన్ గేమ్‌లు చూడండి. లాస్ట్ డే ఆన్ ఎర్త్‌లో తోలు పదును చేసే ర్యాక్ ఉంది. పచ్చి తోలు పెడితే కొంతసేపటికి లెదర్ తయారవుతుంది. ఐడియా బాగుంది. కానీ ఫోన్ లాక్ చేసి టీ తాగి వచ్చినా ఆ పని అయిపోతుంది, నా క్యారెక్టర్‌కు ఆకలీ వేయదు, చలీ వేయదు. ఇక టైమర్ పెట్టి, దాన్ని దాటేయాలంటే డబ్బు కట్టమనే గేమ్‌లు ప్లేస్టోర్‌లో కొల్లలు. అక్కడ నిరీక్షణ ఆటలో భాగం కాదు, అమ్మకానికి పెట్టిన సరుకు. నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఆటగాడు ఎదురుచూసే ప్రతి నిమిషం అతను తీసుకున్న ఏదో ఒక నిర్ణయానికి ఫలితం అవ్వాలి. అలా కానప్పుడు ఆ టైమర్ తీసేయండి.

నాన్న అడిగిన ప్రశ్న

ఇంతవరకు రివ్యూ రాసి పంపేద్దామనుకున్నా. సంక్రాంతి తర్వాత నాన్న ఊరి నుంచి వచ్చి హైదరాబాద్‌లో నా దగ్గర వారం రోజులు ఉన్నారు. ఒక రాత్రి నేను ఆడుతుంటే వెనక నిలబడి చూశారు.

"అదేందిరా, ఇంట్లోనే పరిచావు తోలు? వాసన రాదూ?"

"గేమ్‌లో వాసన ఉండదు నాన్నా."

"ఉప్పేశావా?"

"లేదు. ఊరికే పరిస్తే చాలు, ఐదు రోజులకు రెడీ అవుతుంది."

నాన్న నవ్వారు. "అట్టా ఎండితే చెక్క అయిపోద్ది. తడిస్తే కుళ్ళిపోద్ది. దాంతో బూట్లెట్టా కుడతాడు నీ మొనగాడు?"

నాన్నకు తెలుసు. మా తాత తోలు పని చేసేవాడు. మా ఇళ్ళ వెనక లందలు ఉండేవి, అంటే తోళ్ళు నానబెట్టే తొట్లు. ముందు సున్నపు నీళ్ళలో వేస్తే వెంట్రుకలు వదులవుతాయి. దుంగ మీద పరిచి, వెంట్రుకలూ లోపలి కండా గీకేయాలి. సున్నం పోయేదాకా కడగాలి. అప్పుడు దంచిన తంగేడు చెక్క నీళ్ళలో, కరక్కాయ నీళ్ళలో వారాల తరబడి నానబెట్టి, రోజూ తిరగేస్తూ ఉండాలి. బెరడులో ఉండే టానిన్ తోలు పీచుకు పట్టుకుంటేనే అది కుళ్ళని లెదర్ అవుతుంది. కోనన్ ఎగ్జైల్స్‌లో బెరడు చూసి నేను ఎందుకు సంతోషించానో ఇప్పుడు అర్థమైందనుకుంటా. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు అని అందరికీ తెలుసు. దాని బెరడుతో మా తాత చేతులు ఎప్పుడూ ఎర్రగా ఉండేవని మా ఇంట్లో వాళ్ళకే తెలుసు.

కెనడాలో అయితే పద్ధతి వేరు. డెనే, క్రీ ఆదివాసులు దుప్పి జాతికి చెందిన మూస్ తోలును చట్రానికి బిగించి గీకుతారు. జంతువు మెదడును నీళ్ళలో కలిపి తోలుకు పట్టిస్తారు. పిండి, మెత్తబడేదాకా లాగి లాగి, చివరకు పుచ్చిన కట్టె పొగ పట్టిస్తారు. ఆ పొగ వల్లే తోలు తడిసి ఆరినా మళ్ళీ బిగుసుకోదు. ద లాంగ్ డార్క్ జరిగేది ఆ మంచు నేలలోనే. కానీ గేమ్‌లో గీకడం లేదు, మెదడు లేదు, పొగ లేదు. తోలు తనంతట తాను తయారైపోతుంది.

ఏ పనికి లెవెల్ ఉంది, ఏ పనికి లేదు

నన్ను ఆలోచింపజేసింది ఇదే. ఈ గేమ్‌లో నిప్పు రాజేయడం ఒక స్కిల్. బాణం వేయడం స్కిల్. కళేబరం కోయడం, బట్టలు కుట్టడం కూడా స్కిల్సే. ఒక్కోదానికి 5 లెవెల్స్ ఉన్నాయి. కోతకు లెవెల్ ఉంది, కుట్టుకు లెవెల్ ఉంది. ఆ రెంటి మధ్య ఉన్న అసలు కష్టానికి మాత్రం లేదు. దానికి నేల చాలు, రోజులు చాలు, మనిషి అక్కర్లేదు.

డెవలపర్లను తప్పు పట్టడం లేదు. ఒక చిన్న స్టూడియో అన్నీ చేయలేదు, పైగా అందరికంటే వీళ్ళే ఎక్కువ చేశారు. కానీ "ఇది విసుగు పుట్టించే పని, తీసేద్దాం" అని ఏ పని గురించి అనుకుంటామో చూడండి. వేట, నిప్పు, బాణం హీరో పనులు. గీకడం, నానబెట్టడం, కంపు భరించడం ఎవరో చేసి పెట్టే పనులు. మా ఊళ్ళో కూడా లెక్క ఇదే. తాత చేసిన చెప్పులు ఊరంతా వేసుకుంది. తాత ఇల్లు మాత్రం ఊరి బయట ఉండాలంది. ఆ పనిలో ఎంత నేర్పు ఉందో అడిగినవాడు లేడు.

అందుకే సర్వైవల్ గేమ్ చేసేవాళ్ళను నేను కోరేది ఒక్కటే. తోలు పదును చేయడాన్ని కూడా స్కిల్ చేయండి. సరిగ్గా గీకకపోతే తోలు చిరగాలి. పొగ చాలకపోతే మొదటి వానకే బూటు బిగుసుకుపోవాలి. లెవెల్ 5కి చేరినవాడి కోటు ఎక్కువ వెచ్చగా ఉండాలి. ఆడేవాళ్ళకు విసుగు వస్తుందంటారా? 12 రోజులు ఆగగలిగినవాళ్ళు ఒక గంట గీకలేరా?

గేమ్ కొనొచ్చా అంటే, తప్పకుండా కొనండి. ఓపిక ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచి సర్వైవల్ గేమ్ నాకు తెలీదు. నాన్న వెళ్ళేరోజు ఉదయం నా కొత్త సేవ్‌లో జింక తోళ్ళు ఆరాయి, బూట్లు కుట్టా. స్క్రీన్ దగ్గరికి వంగి చూసి ఆయన ఒకటే మాట అన్నారు: "కుట్టు బాగుంది. తోలే పచ్చిగా ఉంది."