ప్లీడరును ఎంచి చూపేదెవరు?

కోర్టుకు పోవలసి వచ్చిన రైతుకు మొదటి చిక్కు జడ్జీగారి ముందు రాదు, ప్లీడరును వెదుక్కునే దగ్గరే వస్తుంది. నాసి విత్తనం వేసి మిరప కాపు పోగొట్టుకున్నవాడు, గట్టు తగాదాలో ఇరుక్కున్నవాడు, ప్రోనోటు దావా నోటీసు అందుకున్నవాడు గుంటూరుకో ఒంగోలుకో బస్సెక్కుతాడు. భూమి దావాలు ఎవరు బాగా నడుపుతారో, క్రిమినల్ కేసులు ఎవరు చూస్తారో అతనికి తెలియదు. కోర్టు ఆవరణలో ఎదురైన దళారి ఎవరిని చూపితే వారికే వకాల్తా ఇస్తాడు. యార్డులో సరుకుకు దళారి ఉన్నట్లే, ఇక్కడ కక్షిదారుకూ దళారి తయారయ్యాడు.

పెద్ద నగరాల్లో ప్లీడర్లను ఎంచిపెట్టడం ఒక వృత్తి. ఏళ్ల తరబడి కోర్టులో వాదించినవారు కొందరు నల్లకోటు విప్పి, కంపెనీలకు, పెద్ద న్యాయవాద సంస్థలకు తగిన ప్లీడర్లను వెదికిపెట్టే పనిలోకి మారుతున్నారు. అమెరికాలో ఇది బాగా స్థిరపడిన వ్యాపారం. ప్లీడరు పనితనం ప్లీడరుకే తెలుస్తుంది కనుక ఈ మార్పును తప్పుపట్టనక్కరలేదు. అయితే ఆ సేవ డబ్బున్నవారికే అందుతున్నది. పల్లెటూరి కక్షిదారుకు దళారే దిక్కవుతున్నాడు.

చట్టం లేక కాదు. కోర్టు దళారీలను శిక్షించేందుకు 2023లో న్యాయవాదుల చట్టాన్ని సవరించారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును పొందవచ్చు. కనీసం 3 ఏళ్ల అనుభవం లేనివారిని ఈ జాబితాలో చేర్చరాదని 2010 నిబంధనలు చెబుతున్నాయి. విత్తనం వల్ల నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. అది ఆంధ్ర రైతుల కేసే. కాని ఈ దారి చూపే మనిషి దొరకకపోతే రైతుకు ఆ తీర్పు ఉన్నా లేనట్లే.

కోర్టు పని మానుకున్న ప్లీడర్లు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసులో బారిస్టరుగా బాగా ఆర్జిస్తూ, 1921లో ప్రాక్టీసు వదులుకొని 'స్వరాజ్య' పత్రిక పెట్టారు. గుంటూరు బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం నెలకొల్పారు. నేటివారిని అంత త్యాగం ఎవరూ అడగడం లేదు. వృత్తి నుంచి తప్పుకుంటున్న పెద్ద ప్లీడర్లు వారానికి ఒకపూట న్యాయ సేవల సంస్థలో కూర్చుని, వచ్చిన మనిషి గోడు విని, ఆ కేసుకు ఎవరు తగునో చెప్పగలిగితే చాలు. చెప్పినందుకు ఏ పక్షం నుంచీ పైసా పుచ్చుకోకూడదు.

జిల్లా అధికారులు చేయవలసినదీ ఉంది. ఉచిత సహాయ ప్లీడర్ల పేర్లు, ఎవరు ఏ తరహా కేసులు చూస్తారో తెలిపే జాబితాను తెలుగులో రాయించి, 15100 ఫోన్ నంబరుతో సహా ప్రతి పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటించాలి. ఖర్చు స్వల్పం. తెలియక చేసిన ఒక్క వకాల్తా వల్ల ఎకరం పోగొట్టుకునే రైతుకు అది పెద్ద రక్షణ. బార్ సంఘాలు, న్యాయ సేవల సంస్థలు వెంటనే పూనుకోవాలి.