ఈ వేసవి పాట ఎవరిష్టం?

ఆవకాయకి ముక్కలు కొడుతుంటేనో, డాబామీద వడియాలు పెడుతుంటేనో ఓ కొత్త పాట చెవిన పడుతుంది. పదిరోజులు తిరక్కుండా పెళ్లిపందిట్లో, ఆటోలో, పక్కింట్లో అదే పాట. ఆ ఏటి వేసవికి అదే గుర్తు!

1989 మేలో 'గీతాంజలి', 1990 మేలో 'జగదేక వీరుడు అతిలోక సుందరి' వచ్చాయి. రెండింటికీ ఇళయరాజా సంగీతం, వేటూరి సాహిత్యం. అప్పట్లో పాట కావాలంటే క్యాసెట్ కొనుక్కోవాలి, లేదా రేడియో దగ్గర కాచుక్కూచోవాలి. ఇప్పుడో, అడక్కుండానే ఫోను వినిపిస్తోంది. పదిమందీ విన్నదే మనకీ తెచ్చి పెడుతోంది. మనమే ఎంచుకున్నామనుకుంటాం గానీ, వడ్డించింది తింటున్నామంతే.

పెద్దవాళ్లం సరే, పిల్లల మాటేమిటి? సెలవుల్లో డాన్సు క్లాసుకి పంపిన ఏడేళ్ల పిల్లకి ఏ పాట నేర్పుతున్నారో చూస్తున్నామా? ఆడదాని నడుముని వర్ణించే పాటకి ఆ చిట్టితల్లి కన్నుగీటుతుంటే మనమే చప్పట్లు కొడతాం, వీడియో తీస్తాం. 'చిన్నపిల్ల, దానికేం తెలుసండీ' అంటారు. తెలియదు కనకే చూసుకోవలసింది మనం!

సినిమా పాటలు వద్దని కాదు. హుషారుకి అసభ్యత అక్కర్లేదు. 2023లో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు' చిందులపాటే కదా!

ఈసారి నేర్పించేముందు పాట మొత్తం ఓసారి పైకి చదవండి. మన పిల్ల నోట వినగలమనిపిస్తేనే సరే అనండి. అమ్మమ్మనీ ఓ పాట చెప్పమనండి. ఫోనుకి తెలియని పాటలు ఆవిడ దగ్గర బోలెడుంటాయి.