బంతి విడిపోతే ఊరు విడిపోతుంది

మన పెద్దల కాలంలో వేట దొరికితే, బాణం ఎవరిదన్నది తర్వాతి మాట. ఊళ్లో ఎన్ని గడపలుంటే అన్ని వాటాలు పడేవి. కదల్లేని ముసలవ్వ వాటా ఆమె ఇంటికే వెళ్లేది. కొత్త పండగ చేసేదాకా కొత్త పంటను ఎవరూ నోట పెట్టరు. దేవతకు పెట్టాక అందరూ తింటారు. కలిసి తినడం మనకు బయట నుంచి ఎవరో వచ్చి నేర్పిన సంస్కరణ కాదు. మన దగ్గర ఊరంటేనే అది.

మరి ఇప్పుడేం జరుగుతోంది? మీ చుట్టుపక్కల పల్లెలు చూడండి. కొన్నిచోట్ల చర్చికి వెళ్లే ఇళ్లు ఒకవైపు, ఊరి దేవతను కొలిచే ఇళ్లు ఇంకోవైపు. పండగ మాంసం వాళ్లు ముట్టరని వీళ్ల కోపం. క్రిస్మస్ భోజనానికి వీళ్లు రారని వాళ్ల బాధ. ఆఖరికి పెళ్లిలో, చావులో కూడా బంతులు వేరైపోతున్నాయి.

ఈ పగుల్లోకే బయటివాళ్ల రాజకీయం దూరుతోంది. మతం మారిన ఆదివాసీలను ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలని కొందరు దేశమంతా ప్రచారం చేస్తున్నారు. నిజం ఏంటంటే, 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతే లేదు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో ఉంది, మనదాంట్లో లేదు. ఏ దేవుడికి మొక్కినా కోయ కోయే, కొండదొర కొండదొరే.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. ఒకే కూర తినడం వేరు, ఒకే బంతిలో కూర్చోవడం వేరు. బలిచ్చిన మాంసం తినకూడదన్నది ఒకరి నమ్మకం. దేవతకు పెట్టకుండా తినకూడదన్నది ఇంకొకరి నమ్మకం. ఎవరి నమ్మకాన్నీ మార్చాల్సిన పని లేదు. పక్క పొయ్యి మీద ఇంకో కూర వండితే చాలు. విస్తరాకులు మాత్రం ఒకే వరుసలో పడాలి. సిక్కుల లంగరులో చేసేది ఇదే కదా! ఎవరైనా అభ్యంతరం లేకుండా తినేలా మాంసం లేని వంట వండుతారు. రాజైనా కూలీ అయినా నేల మీద ఒకే వరుసలో కూర్చోవాలి.

ఇది తేలికని చెప్పడం లేదు. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ తన ఈళవ కులస్థులను పులయలతో కలిపి భోజనానికి కూర్చోబెట్టాడు. సొంత కులమే ఆయన్ని వెలేసింది. ‘పులయన్ అయ్యప్పన్’ అని ఎగతాళి చేస్తే ఆ పేరును గౌరవంగా తీసుకున్నాడు. అయితే సహపంక్తి భోజనం ఒక్కదానితోనే కులం పోదని అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో హెచ్చరించారు. ఆ మాట మనకూ వర్తిస్తుంది. ఎన్నికల ముందు మన గుడిసెలో అడ్డాకు విస్తరి మీద తిని ఫొటో దిగే నాయకుడు మన భూమి గురించి నోరు విప్పకపోతే, అది పంచుకోవడం కాదు. మన అంబలి తాగి వెళ్లడమే.

మరి మన బంతి దేనికి పనికొస్తుంది? గ్రామసభకు. అటవీ హక్కుల చట్టం నిబంధనల ప్రకారం గ్రామసభకు కనీసం సగం మంది సభ్యులు రావాలి. వచ్చినవాళ్లలో మూడోవంతు మహిళలుండాలి. పక్కపక్కన కూర్చుని అన్నం తినని రెండు వర్గాలు రేపు గని కోసమో డ్యామ్ కోసమో కాగితాలు వస్తే పక్కపక్కన కూర్చుని ‘వద్దు’ అంటాయా? ఒక వర్గం రాకపోతే సభకు బలం చాలదు. రెండు వర్గాలూ వచ్చి తిట్టుకుంటే కంపెనీ పని ఇంకా సులువు. కొండ పోయాక చర్చీ మిగలదు, దేవత గుడీ మిగలదు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెద్దల కోసం ఎదురుచూడొద్దు. వచ్చే కొత్త పండగకు చర్చికి వెళ్లే ఇళ్లకు మీరే వెళ్లి పిలవండి. వాళ్లు ఏం తింటారో, ఏం తినరో ముందే అడగండి. క్రిస్మస్‌కు పిలుపొస్తే వెళ్లండి. ఏ పాస్టరో, ఏ స్వామీజీనో వద్దన్నారని ఆగిపోవద్దు. మనకు చుట్టం ఎవరో చెప్పాల్సింది వాళ్లు కాదు. తినలేనిది ఉంటే మర్యాదగా పక్కన పెట్టండి, బంతిలోంచి మాత్రం లేవకండి.

జోహార్!