మూడునాళ్ల కాగితపు పల్లె

ధనుర్మాసము ప్రవేశించి, వాకిళ్లలో ముగ్గులు నానాటికి విస్తరిల్లుచు, గొబ్బెమ్మలకై ఆడపిల్లలు గుమ్మడిపూలు వెదకికొను దినములు రాగానే, పట్టణములలోని పుస్తకాల దుకాణములయందు ఒక క్రొత్త సరకు వ్రేలాడుట మొదలిడును. పలుచని సంచిలో ముందే కత్తిరించి పెట్టిన గుడిసె గోడలు నాలుగు, రంగు పూసిన బావి ఒకటి, ఆకుపచ్చని స్పాంజి చెట్లు రెండు, అడుగున పరచుటకు థర్మోకోలు పలక ఒకటి, ఏ అంకె ప్రక్కన ఏ అంకె నంటింపవలయునో తెలుపు చీటీ ఒకటి. దీనికి ‘విలేజి సెట్టు’ అని నామకరణము. బొమ్మల కొలువు ముందర పరచుటకును, బడిలో ప్రాజెక్టుగా అప్పగించుటకును ఇదొక్కటియే చాలునని దుకాణదారుడు భరోసా నిచ్చును, చాలునన్నమాటయు నిజమే. కాని, కొలువులోని బొమ్మలు కొనదగినవే యైనను, వాని పాదముల చెంత వెలయు పల్లె మాత్రము కొనదగినది కాదనియు, అది ఇంటిలోనే, పారవేయదగిన కాగితముతో, పిల్లల చేతులమీదుగనే పుట్టవలయుననియు, వంకరగా పుట్టినచో దానిని ఎవరును సరిదిద్దరాదనియు నా అభిప్రాయము.

కోస్తా జిల్లాలలో సంక్రాంతికిని, రాయలసీమ తెలంగాణములలో పెక్కుచోట్ల దసరాకును కొలువు తీర్చుట మన ఇండ్లలో చిరకాలముగ నున్న ఆచారము. బేసి సంఖ్యలో మెట్లు కట్టి, తెల్లని పంచె పరచి, పై మెట్లమీద దేవతలను, క్రింది మెట్లమీద మనుష్యలోకమును నిలిపి, సాయంకాలము పేరంటాండ్రను పిలిచి, హారతి పాడి, శనగలు పంచిపెట్టుదురు. ఆ మెట్లమీద నిలుచు బొమ్మల విషయమున నాకు తగవు లేదు. కొండపల్లి కొండలలో పెరుగు తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అవయవములను అతికి, దశావతారములను, అంబారీ ఏనుగును, తాటిచెట్టు నెక్కు గీతకార్మికుని తీర్చుట తరతరముల అభ్యాసము లేనిదే చేతికి రాదు. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెనపట్టి, తిరుగుచుండగనే లక్కరంగు నద్ది తీయు లక్కపిడతలును అట్టివే. వేళ్లు, బెరడులు, గింజలు, ఆకులనుండి తీసిన రంగులతో ఆ ఊరివారు చేయు బొమ్మలు 2025 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముపై ఢిల్లీ వీధులలో ఊరేగినవి. ఇట్టివానిని మూల్యమిచ్చి కొనుటయే న్యాయము. బేరమాడకుండ కొనుట మరింత న్యాయము.

మెట్లు దిగి నేలమీదికి వచ్చినప్పుడే వ్యవహారము మారును. అచ్చట పొలము కావలయును, చెరువు కావలయును, ఊరు కావలయును. వారము దినములు ముందుగ వెడల్పాటి పళ్లెములో తడిమట్టి పరచి, మెంతులో ఆవాలో చల్లినచో భోగినాటికి పొలము సిద్ధము. గోడనున్న చిన్న అద్దము దిగివచ్చి, చుట్టును ఇసుక పోయించుకొని చెరువగును. ఇక ఇండ్లు. భోగిమంటకు పోవలసిన అట్టపెట్టె నొకదానిని తప్పించి, దాని పైపొరమీద తడిగుడ్డ నొత్తి, కొంతసేపాగి మెల్లగ ఒలిచిచూడుడు: లోపలనున్న ముడుతల వరుస బయటపడును, దానిపై పలుచగ ఎఱ్ఱమట్టి పూసినచో బెంగుళూరు పెంకుల కప్పు ఇంతకన్న చక్కగ ఏ కర్మాగారమును చేయజాలదు. కొబ్బరి ఈనె చుట్టును పాతపత్రిక చీలికకు జిగురు రాచి బిగువుగ చుట్టుచు పోయినచో తాటిబోదె లేచును. పచ్చకాగితమును ముందునకును వెనుకకును సన్నసన్నగ మడచి, అంచున కత్తెర గాట్లుపెట్టి, మొదట దారముతో కట్టి విప్పినచో ఆకు విచ్చుకొనును. దారపుబంతి అయిపోగా మిగిలిన అట్టగొట్టమే బావి, చొక్కాబొత్తామే గిలక, మందుసీసా మూతయే చేద. సంక్రాంతి జనవరిలో వచ్చుటలో మరియొక సదుపాయము కలదు: గతవత్సరపు క్యాలెండర్లు అప్పుడే గోడ దిగును. వాని దళసరి నున్నని కాగితమునకు మించిన గోడసామగ్రి లేదు. పెండ్లి శుభలేఖలు అంతకన్న ఘనమైనవి. విఘ్నేశ్వరుని బొమ్మ ఉన్నదను సంకోచముచే పారవేయలేక అల్మారాలో దొంతరలుగ దాచుకొనువారు ఆ బొమ్మను జాగ్రత్తగ కత్తిరించి ఊరిగుడిలో ప్రతిష్ఠించి, తక్కినదానితో గుడి ప్రాకారము కట్టుకొనవచ్చును.

ఈ పనిలో చేయి పెట్టినవారికి కాగితము స్వభావము త్వరలోనే తెలియవచ్చును. ఒకవైపు మడచిన మాట వినును, అడ్డముగ మడచిన మొండికేసి విరుగును. యంత్రముమీద తడిగుజ్జు పరుగెత్తు జల్లెడపై పడునప్పుడు పీచులలో అధికభాగము ఆ పరుగు దిక్కుననే సర్దుకొనును. ఆరిన పిదపగూడ ఆ దిక్కును మరువదు. ఈ పత్రికనే, చదువుట ముగిసిన పిమ్మట (ముందుగ కాదని మనవి), పైనుండి క్రిందికి చింపిచూడుడు. గీత గీచినట్లు చీలును. అడ్డముగ చింపుడు, తోచిన దారిని పోవును. కాగజ్‌నగరములోనో రాజమండ్రిలోనో మిల్లునకు పోయి చూడనవసరము లేకయే పదేండ్ల పిల్లవాడు ఈ సంగతిని తన గుడిసె గోడ రెండుమారులు కూలినతోడనే కనిపెట్టును. అంకెలు వేసిన తయారీ గోడలు కూలవు గనుక వానితో ఆడుకొన్న పిల్లవానికి ఇది తెలియుటకు అవకాశమే లేదు.

జిగురు సంగతియు ఇట్టిదే. గుప్పెడు మైదాపిండిని నీటిలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగపై పారదర్శకమగువరకు త్రిప్పినచో కొలువంతటికి చాలు జిగురు వచ్చును. పూర్వము పురుగు పట్టకుండుటకు పెద్దలు దీనిలో చిటికెడు మైలుతుత్తము వేసెడువారు. పుస్తకములకు అట్టలు వేయుటకు అది తగునేమో గాని, వ్రేళ్లు నోటబెట్టుకొను పిల్లలున్నచోట అది విషము. పైగా దానితో మనకు పనియేమి? భోగినాడు కట్టి ముక్కనుమనాడు విప్పు ఊరికి పురుగుభయ మెక్కడిది? చిరకాలము నిలువనక్కరలేని వస్తువు చేయుటలో ఒక స్వేచ్ఛ కలదు. వచ్చిన బొమ్మ చెడినను మూడుదినములే గదా అను ధీమాతోనే పిల్లలు ఎన్నడును చేయని సాహసములు చేయుదురు. కొన్న సెట్టును మాత్రము, విరుగునేమోనని తల్లి మరుసటి యేటికి అటుకమీద దాచును.

కాగితముతో ఆటలాడుట కాలహరణమని తలచు తండ్రులకు ఒక పాత మదరాసు సంగతి చెప్పవలసియున్నది. జర్మనీలో ఫ్రోబెల్ అను విద్యావేత్త పసిపిల్లల బడికి 1840లో ‘కిండర్‌గార్టెన్’ అని పేరుపెట్టి, ఆటవస్తువుల ద్వారమున చదువు నేర్పు పద్ధతి నేర్పరచెను. ఆ బడులలో ‘కానుక’లని పిలువబడు వస్తుసామగ్రిలో కాగితము మడచుటయు ఒకటి. అది చూచి తనకు తోచిన ఆలోచనయే మూలమని చెప్పుకొనుచు టి. సుందరరావు అను ఉద్యోగి 1893లో మదరాసున, కాగితపు మడతలతో రేఖాగణితమును బోధించు ఒక ఆంగ్లగ్రంథమును ప్రకటించెను. ఆకార మెట్లున్నను సరే, ఒక కాగితపు తునకను చేతబట్టి, మడచి, మడతవెంబడి కోసి సరళరేఖను, దానికి లంబమును, అటుపై చతురస్రమును సాధించుటతో ఆ గ్రంథ మారంభమగును. అచ్చటినుండి బహుభుజులకును, తుదకు వక్రరేఖలకును పోవును. ఫెలిక్స్ క్లైన్ అంతటి గణితవేత్త దానిని తన రచనలో పేర్కొనెను. 1901లో చికాగోలో అది మరల అచ్చుపడెను. మన తాతముత్తాతల రాజధానియైన మదరాసులో వెలువడిన గ్రంథము పేరు మన బడిపంతుళ్లలో ఎంతమంది ఎరుగుదురో గాని, దానికి కావలసిన సామగ్రి మాత్రము నేటికిని ప్రతి ఇంట కలదు.

క్రైస్తవుల క్రిస్మసు నక్షత్రమునందును ఈ రేఖాగణితమే దాగియున్నది. అనేక శిఖరములతో నలుదిక్కులకు పొడుచుకొని వచ్చు మొరేవియన్ నక్షత్రము 1830 ప్రాంతపు దశకమున జర్మనీలోని నీస్కీ అను ఊరి బడిలో గణితపాఠముగనే పుట్టినది. మన గుంటూరు, కృష్ణా, గోదావరి గ్రామములలో డిసెంబరు రాగానే ఇండ్లమీద వెలయు నక్షత్రము వేరు. వెదురుబద్దలతో అయిదుమూలల చుక్కలు రెండు కట్టి, ఒకదానిపై నొకటి యుంచి, కొసలు బిగించి, నడుమ పొట్టిపుల్లలు ఎదురుతన్నించినచో కడుపు ఉబ్బును. దానిపై రంగుకాగితము తాపడము చేసి, లోపల దీపము పెట్టుదురు. ఆ పొట్టిపుల్లల పొడవు కుదురుటలోనే ఉన్నదంతయు. పొట్టియైన చుక్క చదునగును, పొడవైన కాగితము పిగులును. ఇప్పుడు అచ్చటను ప్లాస్టిక్ నక్షత్రము వచ్చి చేరినది. మడత విప్పి వ్రేలాడదీయుటయే పని.

పిల్లలు చేసినది వంకరగ నుండునను నింద కలదు. నిజమే. అయినను కొలువులో పరిమాణమునకు శాస్త్ర మెన్నడున్నది? గీతకార్మికునికన్న అంబారీ ఏనుగు పొట్టిది. లక్ష్మీదేవి ప్రక్కనున్న చిలుక ఆమె నెత్తుకొనిపోగలిగినంత పెద్దది. గడచిన సంక్రాంతికి మా ప్రక్కవాటాలోని ఎనిమిదేండ్ల పిల్ల అగ్గిపెట్టెలతో అయిదంతస్తుల అపార్టుమెంటు కట్టి, గేటు ప్రక్కన మాత్రల రేకును మడచి కుర్చీ చేసి, దానిలో కాగితపు కావలివానిని కూర్చుండబెట్టినది. ఆ కూర్చున్నవాడు రెండవ అంతస్తును దాటియున్నాడు. “ఇంత పెద్దవాడేమిటే, కాస్త చిన్నగా చెయ్యరాదూ?” అని తల్లి. “గేటు తాత ఎప్పుడూ అక్కడే ఉంటాడు కదమ్మా, అందరికీ కనబడొద్దూ?” అని పిల్ల. తల్లి కత్తెర క్రింద పెట్టినది. ఆ తాత మూడుదినములును అదే పరిమాణమున కొలువు తీరియున్నాడు. అంకెలు వేసిన సంచిలో ఇతనికి స్థానము లేదు. విలేజి సెట్టు రచించినవారికి ఆ గేటుతో పరిచయము లేదు గదా.

నాకు అసలు జగడము దుకాణముతో గాక బడితోడను, బహుమానములతోడను. ఒక ప్రైవేటు బడిలో పండుగకు ముందు ‘మన పల్లె’ అను ప్రాజెక్టునకు మార్కులు పెట్టగా, తరగతిలోని పల్లెలన్నియు ఒకే దుకాణపు పల్లెలై వచ్చిన విచిత్రమును కండ్లార చూచితిని. మిగిలిన ఒకటి రెండు ఇంజనీరు తండ్రులు రాత్రి మేల్కొని కట్టినవి. మార్కు పెట్టిన క్షణముననే వంకర దోషమగును. దోషమును భరింపలేక తండ్రి చేయి పెట్టును. తండ్రికి తీరిక లేనిచోట డబ్బు చేయి పెట్టును. అపార్టుమెంటు సంఘములు ఉత్తమ కొలువునకు వెండికుంకుమభరిణ ప్రకటించుటయు ఇట్టి ఫలితమునే ఇచ్చుచున్నది. పోటీ లేకున్న ఉత్సాహముండదందురు. హారతివేళ పేరంటాండ్రు వంగి చూచి, “ఈ బావి ఎవరు చేశారమ్మా?” అని అడుగుటకు మించిన ఉత్సాహము పిల్లకు వేరే అక్కరలేదు.

థర్మోకోలు సంగతి వేరుగ వాదింపవలసిన పనియు లేదు. 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడిన ఒక్కసారి వాడు ప్లాస్టిక్ వస్తువులలో అలంకరణకు వాడు థర్మోకోలును, ప్లాస్టిక్ జెండాలును చేరియున్నవి. అయినను పండుగ వారములో అది బహిరంగముగనే అమ్ముడగుచున్నది; నిషిద్ధవస్తువుతో చేసిన ప్రాజెక్టును పర్యావరణ పాఠము చెప్పిన పంతులమ్మయే అందుకొని మార్కులు వేయుచున్నది. మెరుపుకాగిత మని మనము పిలుచునదియు పెక్కుమారులు కాగితము కాదు. లోహపుపూత పూసిన ప్లాస్టిక్ పొర. చింపిచూచిన తెలియును: కాగితము పీచుగ చినుగును, అది సాగును.

బడులకు నేను కోరునది స్వల్పము. పండుగ సెలవులకు ముందు ఒక మధ్యాహ్నము, పాఠము లేకుండ, మార్కు లేకుండ, నమూనా చూపకుండ, పాతపత్రికల కట్టయు, అట్టపెట్టెలును, మొద్దుకొసల కత్తెరలును, గిన్నెడు మైదాజిగురును తరగతి నడుమ పెట్టి పిల్లలను వదలవలయును. ఉపాధ్యాయుడు మూల కూర్చుండి, కావలసిన తానును ఒక తాటిచెట్టు చేసికొనవచ్చును. తల్లిదండ్రులను మాత్రము ఆ పూట గేటు లోపలికి రానీయరాదు, ముఖ్యముగ ఇంజనీర్లను.