కొండ నిచ్చిన వనిత

మన యాలయములలో విద్యుద్దీపముమీద సయితము దాతపేరు వెలుతురుకంటె ముందుగ కన్పట్టుట సోదరీమణు లెఱుంగనిది కాదు. పేరు గోరుట దోషమని నే ననను. కాని ప్రాచీన స్థలముల రక్షణకై విశేషముగ ద్రవ్యమో భూమియో యీయ దలచు స్త్రీ దానికి ముందుగ విచారింపవలసిన సంగతులు కొన్ని గలవు. అందులకు ఇంగ్లాండులోని నేషనల్ ట్రస్టు చరిత్రము చక్కని యుదాహరణము.

1895లో ఆ సంస్థను స్థాపించిన మువ్వురిలో ఆక్టేవియా హిల్ యను నామె యొకతె. దానికి మొట్టమొదట లభించిన యాస్తియు స్త్రీదత్తమే. వేల్సు సముద్రతీరమున బార్మత్ పట్టణమునకు పైనున్న డినాస్ ఒలెయ్ అను కొండచఱియను, నాలుగున్నర యెకరములు, ఫానీ టాల్బట్ అను నామె యా సంవత్సరముననే యొసంగెను. గడ్డిదారులును, తగినచోట రాతి యాసనములును ఉండవచ్చును. తారుబాటలు, పామువంకరల పోతయినుప బల్లలు మాత్రము వలదని యామె కోరిక. ఎంత ముచ్చటైన కోరిక! తా నిచ్చు వస్తువును కన్నులార చూచుకొన్నవారికే యిట్టివి తోచును.

పిల్లలకై కుందేలు కథలు వ్రాసిన బీట్రిక్స్ పాటర్ కూడ నట్టిదే. ఆమె 1943లో మరణించుచు లేక్ జిల్లాలోని 4,000 ఎకరములకు పైగా భూమిని ట్రస్టునకు వ్రాసియుంచెను. అచ్చటి హెర్డ్విక్ జాతి గొఱ్ఱెల మందలను చెడకుండ నిలుపవలెనని మరణశాసనమున నియమించెను. ఆ గొఱ్ఱెలను స్వయముగ పెంచిన యామెకు వాని విలువ యొకరు చెప్పవలసిన పని లేదు.

ఇక ధనము మాట. 1896లో ఆల్ఫ్రిస్టన్ గ్రామమందలి పాత మతగురువు గృహమును ట్రస్టువారు పది పౌనులకే కొనిరి. మరమ్మతులకైన దానికెన్నో రెట్లు! కట్టడము నిచ్చి, దాని పైకప్పునకు ఏటేట వలయు మూలధనము నీయకుండుట సగము దానమే. ఇది మన పూర్వులకు క్రొత్తగాదు. ద్రాక్షారామ శాసనములను జూడుడు: అఖండదీప మిచ్చినవారు ప్రమిదతో సరిపుచ్చలేదు, నేతికై గొఱ్ఱెల నిచ్చి, వానిని బోయల కప్పగించిరి.

మఱియొక సంగతి. 1907 నాటి చట్టము ననుసరించి, ట్రస్టు తన యాస్తులలో వేనిని పరాధీనము చేయరానివని ప్రకటించునో వానిని అమ్ముకొన వీలులేదు. ఇచ్చినది తిరిగిరాదు. కావున సంతకమునకు ముందే బిడ్డలతో మాటాడుకొనుట మేలు. పిదప వచ్చు మనస్తాపములకు చట్టమున మందు లేదు.

అంత కలిమి మా కేదీ యందురా? 1927 ప్రాంతమున కొందఱు యువతులు ఫెర్గుసన్ ముఠా యని మాఱుపేరు పెట్టుకొని చందాలు ప్రోగుచేసిరి. 1932లో సర్రేలోని షాల్ఫర్డు నీటిమరను ట్రస్టున కిప్పించిరి. మఱుసటి యేట వారిలో నొకతె ముసుగుతో కార్యాలయమునకు బోయి, నూఱు పౌనులను విక్టోరియా రాణి కాలపు వెండి నాణెములుగ నచ్చట నప్పగించెను. తమ నిజనామములను మాత్రము వారు చాలకాలము చెప్పనేలేదు.