లైసెన్సు చేతికి వచ్చింది - తాళం ఎప్పుడివ్వాలి?

ఒకప్పుడు మన పల్లెల్లోకి కారు వచ్చిందంటే అది పెళ్లివారిదో, ఓట్లు అడిగేవారిదో అయి వుండేది. ఇప్పుడా రోజులు కావు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలో మిర్చి, పత్తి పండే ఏ వూరికి వెళ్లినా బజారుకు నాలుగు కార్లు కనిపిస్తున్నాయి. ధర కలిసివచ్చిన ఏడు కొన్నవి కొన్ని, అప్పు చేసి కొన్నవి కొన్ని, చేతులు మారి వచ్చినవి మరికొన్ని. ఇది సంతోషించదగిన విషయమే. అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చినా, పెద్దాయనకు గుండెలో నొప్పి అన్నా, ఇదివరకటి మాదిరి ఎవరి వాకిట్లోనో నిలబడి బతిమాలుకోవలసిన అవస్థ తప్పింది.

అయితే ఆ కారును తోలేది ఎవరన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన సంగతి. చాలా ఇళ్లలో తండ్రికి కారు తోలడం రాదు. ఆయన ఎడ్లబండి తోలిన మనిషి, మహా అయితే మోటారు సైకిలు నడిపిన మనిషి. ఇంట్లో అందరికంటె ముందు లైసెన్సు తెచ్చుకునేది పద్దెనిమిదేళ్లు నిండిన కొడుకే. కార్డు ఇంటికి వచ్చిన రోజున తల్లి దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంటుంది. మర్నాటి నుంచి కారు తాళం కుర్రవాడి జేబులో వుంటుంది. లైసెన్సు వచ్చింది కదా, ఇక భయమేమిటని తల్లిదండ్రుల ధీమా. ఈ ధీమా ఎంతవరకు సమంజసం?

లైసెన్సు ఏ పరీక్ష మీద వస్తున్నదో ఒకసారి చూద్దాం. పద్దెనిమిదేళ్లు నిండినవారు ముందు ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. దాని గడువు ఆరు నెలలు. ముప్పై రోజులు గడిస్తే అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. ఈలోగా బండికి ముందూ వెనుకా 'ఎల్' బోర్డు కట్టాలి. లైసెన్సు వున్న మనిషి, అవసరమైతే బండిని ఆపగలిగేటట్లు పక్కన కూర్చోవాలి. ఇది 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో వున్న మాట. ఆచరణలో ఎందరు పాటిస్తున్నారో అందరికీ తెలిసిందే. ఇక పరీక్ష అంటారా, పట్టపగలు, ఆఫీసువారు గీసిన స్థలంలో, ముందుకూ వెనక్కూ నాలుగు మలుపులు తిప్పి చూపించడం. అందులో చీకటి వుండదు, ఎదురుగా వచ్చే లారీ వుండదు, రోడ్డుకు అడ్డంపడే గేదె వుండదు, వెనుక సీట్లో కేకలు పెట్టే స్నేహితులు వుండరు.

మన రోడ్ల మీద వుండేవన్నీ అవే. మిర్చి కోతల కాలంలో, ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, అనేక వూళ్లలో సగం రోడ్డు కల్లమే. పట్టలు ఎగిరిపోకుండా అంచున బండరాళ్లు పెడతారు. సాయంత్రం కాయ ఎత్తుకుపోతారు, రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. పత్తి కాలంలో ట్రక్కుకు రెండు వైపులా బయటికి పొడుచుకువచ్చిన బోరాలతో ట్రాక్టర్లు పోతుంటాయి. వెనుక దీపం వుండదు, మెరిసే స్టిక్కరైనా వుండదు. పుష్య మాసంలో తెల్లవారుజామున మంచు కమ్మితే పది బారల దూరంలో ఏమున్నదో కనపడదు. పొద్దుగూకే వేళ పసులు ఇంటిదారి పడతాయి. కూలీలను కిక్కిరిసి ఎక్కించుకున్న ఆటోలు చేతులెత్తిన చోటల్లా ఆగుతాయి. ఊరి డొంక దాటి పది నిమిషాలు పోతే చాలు, చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల మీదుగా ఒంగోలు పోయే 16వ నంబరు జాతీయ రహదారో, నార్కెట్‌పల్లి రోడ్డో తగులుతుంది. అక్కడ లారీలు, ప్రైవేటు బస్సులు పోయే వేగం వేరు. నిన్నటిదాకా మండల కేంద్రానికి మోటారు సైకిలు మీద పోయిన పిల్లవాడు నేడు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఆ రోడ్డెక్కుతున్నాడు.

పిల్లవాడికి తోలడం రాక కాదు. చేతులకు పని త్వరగానే వస్తుంది, పెద్దవాళ్లకంటె కూడా త్వరగా వస్తుంది. రానిదల్లా ఏది ముంచుకు వస్తున్నదో ముందే పసికట్టే అలవాటు. ఎదర బండి ఎందుకు వేగం తగ్గించిందో, గట్టు మీద నిలబడిన పిల్ల ఎప్పుడు రోడ్డు దాటుతుందో కనిపెట్టడం తిరగగా తిరగగా వచ్చేదే గాని కార్డుతో పాటు వచ్చేది కాదు. దానికి తోడు ఆ వయస్సు. పక్కన తండ్రి వుంటే ఒక తీరుగా తోలతాడు, నలుగురు స్నేహితులుంటే మరొక తీరుగా తోలతాడు. ఒంటరిగా వున్నప్పటికంటె తోటి వయసువారు ఎక్కినప్పుడు కుర్రవాళ్లకు ప్రమాదం పెరుగుతుందని, ఎక్కే వారి సంఖ్యను బట్టి అది ఇంకా పెరుగుతుందని విదేశాలలో జరిగిన పరిశోధనలు కూడా తేల్చాయి. కోటప్పకొండ తిరునాళ్ల రాత్రి ఒక్కొక్క కారులో ఎందరు కుర్రాళ్లు ఎక్కుతారో, పాటలు ఎంత గట్టిగా మోగుతాయో చూసినవారికి ఈ పరిశోధన వివరించి చెప్పనక్కరలేదు.

ఇది వున్నవారికీ లేనివారికీ ఒకటే. 2011 సెప్టెంబరులో హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు వద్ద మోటారు సైకిలు ప్రమాదంలో మాజీ క్రికెట్ కెప్టెన్ మహమ్మద్ అజారుద్దీన్ పందొమ్మిదేళ్ల కుమారుడు ప్రాణాలు కోల్పోయాడు. అదే ఏడు డిసెంబరులో అదే రింగురోడ్డు మీద కారు ప్రమాదంలో కాంగ్రెసు నాయకుడు కోమటిరెడ్డి వెంకటరెడ్డి కుమారుడు చనిపోయాడు. అతనికీ పందొమ్మిదేళ్లే. డబ్బు, పలుకుబడి, మంచి ఆసుపత్రి అన్నీ వుండి కూడా ఆ ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతున్నది. మృతులలో అధిక సంఖ్యాకులు 18 నుంచి 45 ఏళ్ల లోపువారే. అంటే ఇంటిని మోయవలసిన వయసువారే.

అలాగని తాళం అసలు ఇవ్వవద్దని మేము చెప్పడం లేదు. ఇవ్వకపోతే కుర్రవాడు మానుకుంటాడా? స్నేహితుడి బండి తీసుకుని చాటుగా నేర్చుకుంటాడు. చాటుగా నేర్చినవాడికి తప్పు చెప్పేవారు వుండరు. పైగా ఇంటికి అతని అవసరం వున్నది. ఆసుపత్రికి, యార్డుకు, చుట్టాల ఇంటికి తీసుకుపోయేది అతడే. కనుక ఇవ్వాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. ఎప్పుడు, ఎంత దూరానికి, ఎవరితో అన్నది ప్రశ్న.

న్యూజిలాండ్ దేశం 1987లోనే దీనికి ఒక మార్గం కనిపెట్టింది. కొత్త డ్రైవరుకు ఒక్కసారిగా అన్ని హక్కులూ ఇవ్వకుండా మెట్టు మెట్టుగా ఇచ్చే పద్ధతి అది. పక్కన అనుభవం వున్నవారు లేనిదే రాత్రి పది దాటిన తరువాత తోలరాదు, ఇతరులను ఎక్కించుకోరాదు అని కొంతకాలం ఆంక్షలు పెట్టారు. తరువాత అమెరికా, ఆస్ట్రేలియా రాష్ట్రాలలోనూ ఇటువంటి పద్ధతులు వచ్చాయి. మన చట్టంలో ఈ మెట్లు లేవు. నిన్న లైసెన్సు వచ్చిన పిల్లవాడికీ, ముప్పై ఏళ్లుగా బస్సు తోలుతున్నవాడికీ సొంత కారు విషయంలో ఒకే హక్కు. చట్టం పెట్టని మెట్లను ఇంటి పెద్దలే పెట్టుకోవాలి.

ఇందులో మనకు తెలియనిదేమీ లేదు. ఒంగోలు గిత్తలకు పేరుపడ్డ నేల మనది. కొత్త కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు మరొక కొత్త కోడెతో జత కడతామా? అనుభవం వున్న ఎద్దు పక్కన కడతాము. ముందు వట్టి కాడి, తరువాత వట్టి బండి, ఆ తరువాత కొద్ది బరువు. మొదటి రోజునే నిండు బండికి కట్టి ఘాటు ఎక్కించే రైతు ఎక్కడా వుండడు. కోడెకు చూపే ఓర్పు కొడుకు విషయంలో చూపలేమా?

మొదటి మూడు నెలలు పగటిపూట మాత్రమే, పక్కన తోలడం తెలిసిన పెద్దమనిషి వుంటేనే కారు బయటికి తీయాలి. తండ్రికి తోలడం రాకపోతే ఆయన పక్కన కూర్చున్నా ప్రయోజనం స్వల్పమే. ఊళ్లో పదేళ్లు లారీయో, కారో తోలి ఏ కేసూ లేనివాడు ఒక్కడైనా వుంటాడు. బాబాయో, మామయ్యో అని పిలుచుకునే మనిషే అయి వుంటాడు. అతనికి పది పదిహేను రోజుల కూలి ఇచ్చి పిల్లవాడి పక్కన కూర్చోబెట్టండి. లక్షలు పోసి కారు కొన్నవారికి ఆ కూలి బరువు కాదు. ఆ తరువాత మూడు నెలలు ఒంటరిగా, పగటిపూట, మండల కేంద్రం దాకా. అది కుదిరాక రాత్రిపూట, మళ్లీ మొదట పెద్దవారితోనే. జాతీయ రహదారి అన్నిటికంటె చివర. స్నేహితులను ఎక్కించుకుని షికార్లు మొదటి సంవత్సరం వద్దే వద్దు. సీటు బెల్టు వెనుక కూర్చున్నవారితో సహా అందరికీ. ఫోను డ్రైవరు చేతిలో కాదు, పక్కవారి దగ్గర వుండాలి. ఈ నియమాలు తాళం ఇచ్చేనాడే చెప్పాలి. మధ్యలో చెబితే పిల్లలు అనుమానించారని బాధపడతారు.

మరొక మాట. ఇంట్లో ఆడపిల్లకు లైసెన్సు వస్తే చాలామంది తాళమే ఇవ్వడం లేదు. కొడుక్కి మొదటి రోజునే ఇస్తారు, కూతురికి ఎన్నటికీ ఇవ్వరు. రెండూ తప్పే. ఇద్దరికీ ఒకే మెట్లు వుండాలి. ఆపద వచ్చిన రాత్రి ఇంట్లో వున్నది కూతురే అయితే ఆమె తోలగలిగి వుండటం ఇంటికి మేలు కాదా?

కారు సంగతి ఇలా వుండగా, మన పల్లెలకు ట్రాక్టరు మరింత దగ్గరి విషయం. ఖాళీ బరువు 7,500 కిలోలు మించని ట్రాక్టరును చట్టం తేలికపాటి వాహనంగానే లెక్కిస్తుంది. మీసాలైనా రాని పిల్లలు చేలో దుక్కి దున్నుతుంటే చూసి మురిసిపోయే తండ్రులు వున్నారు. కాని అదే బండికి ట్రక్కు తగిలించి, దానిలో ఇరవై మంది కూలీలను ఎక్కించి రోడ్డు మీదికి పంపడం వేరు. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల వద్ద మిర్చి కోతల నుంచి తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని తొమ్మిది మందికి తక్కువ కాకుండా చనిపోయారు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలం బొల్లవరం వద్ద కూలీల ట్రాక్టరు కాలువలో బోల్తాపడి నలుగురు మహిళలు మరణించారు. ఇవి కొత్త కుర్రవాళ్ల వల్ల జరిగాయని మేము అనడం లేదు. మనుషులను ఎక్కించిన ట్రక్కు ఎంతటి అనర్థం తెస్తుందో చెప్పడానికే ఈ ప్రస్తావన. అటువంటి బండిని నిన్నగాక మొన్న లైసెన్సు తెచ్చుకున్న పిల్లవాడి చేతికి ఇవ్వడం ఇరవై కుటుంబాలతో పందెం కట్టడమే.

ఇక పద్దెనిమిది నిండకుండానే తాళం ఇచ్చేవారి సంగతి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 199-ఏ సెక్షను ప్రకారం మైనరు బండి తోలి నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. 2024 మే నెలలో పూణే నగరంలో పదిహేడేళ్ల పిల్లవాడు ఖరీదైన కారు తోలి ఇద్దరు ఇంజనీర్ల మరణానికి కారకుడైనప్పుడు తండ్రిని కూడా అరెస్టు చేశారు.

బీమా వున్నది కదా అనుకునేవారు మరొకటి తెలుసుకోవాలి. తోలినవారికి లైసెన్సు లేకపోతే, దెబ్బ తిన్నవారికి కంపెనీ ముందు చెల్లించినా, ఆ సొమ్మును యజమాని దగ్గర తిరిగి వసూలు చేసుకోవచ్చునని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. లక్షల మీద లక్షలు వేస్తే అమ్మవలసింది ఎకరమో, రెండెకరాలో లెక్క చూసుకోండి.

అధికారులు చేయవలసినదీ వున్నది. రవాణా శాఖవారు మండల కేంద్రాలలో లైసెన్సు మేళాలు పెట్టినప్పుడు పిల్లలతో పాటు తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టి ఒక గంట చెప్పాలి. మిర్చి ఆరబెట్టుకోవడానికి వూరికి చాలినన్ని సిమెంటు కల్లాలు కట్టిస్తే రైతు రోడ్డు మీదికి ఎందుకు వస్తాడు? అప్పటిదాకా పంచాయతీలైనా సాయంత్రానికి రాళ్లు తీయించాలి. ప్రతి ట్రక్కు వెనుక ఎర్రగా మెరిసే స్టిక్కరు అంటించే పని యువజన సంఘాలు ఒక్క రోజులో చేయగలవు.

లైసెన్సు ప్రభుత్వం ఇస్తుంది. తాళం ఇచ్చేది మాత్రం మీరు. ఆ చేతికి ఆ తాళం ఇవ్వడానికి అదను వచ్చిందా లేదా అన్నది మీకు తప్ప ఏ ఆఫీసుకూ తెలియదు. ఒక సంవత్సరం ఓపిక పట్టినందువల్ల ఏ కొడుకూ వెనకబడిపోడు.