పని పోయినవాడు ఎవరి లెక్కలో ఉన్నాడు?

మంగపేట మండలం కమలాపురంలోని రేయాన్ గుజ్జు కర్మాగారంలో 2014 ఏప్రిల్‌లో ఉత్పత్తి ఆగిపోయింది. కలప ధర పెరిగిందని, గుజ్జుకు మార్కెట్‌లో గిట్టుబాటు లేదని యాజమాన్యం చెప్పింది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం రాయితీలు ప్రకటించినా యంత్రాలు మళ్లీ తిరగలేదు. 2020లో మాతృసంస్థ బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. నాడు వరంగల్ జిల్లాలో ఉన్న ఆ ఊరు 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి చేరింది. చిరునామా రెండుసార్లు మారింది. కార్మికుని స్థితి మాత్రం మారలేదు.

మార్కెట్ ఆటుపోట్ల వల్ల కర్మాగారం మూతపడితే, ఏ తప్పూ చేయని కార్మికునికి ప్రభుత్వం ఏమి బాకీపడుతుంది? అమెరికా ఈ ప్రశ్నకు 1962లోనే చట్టం ద్వారా ఒక జవాబు చెప్పింది. దిగుమతుల పోటీ వల్ల పని కోల్పోయామని ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెట్టుకుంటే విచారణ జరిపి, అర్హత తేలితే భృతి, కొత్త పనిలో శిక్షణ ఇచ్చేవారు. 2022లో ఆ పథకం కొత్త అర్జీలకు తలుపు మూసింది. మన దేశంలో అసలు ఆ తలుపే లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై 50 శాతం సుంకం విధించినప్పుడు, కేంద్రం నవంబరులో ఎగుమతిదారులకు 20,000 కోట్ల రూపాయల వరకు రుణ హామీ ప్రకటించింది. ఎగుమతిదారుని ఆదుకోవడం తప్పు కాదు. ఆర్డర్లు ఆగి గేటు బయట నిలబడిన కార్మికుని పేరిట అలాంటి నిధి ఎందుకు లేదన్నదే మా ప్రశ్న.

ఉన్న హక్కులనైనా తెలుసుకుందాం. ఏడాదిపాటు ఎడతెగని సర్వీసు ఉన్నవారిని తొలగిస్తే, పనిచేసిన ప్రతి సంవత్సరానికి పదిహేను రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఈఎస్‌ఐలో రెండేళ్లుగా నమోదై, చందా నిబంధనలు నెరవేర్చినవారికి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద 90 రోజుల వరకు భృతి లభిస్తుంది. 2018లో సగటు సంపాదనలో 25 శాతంగా మొదలైన ఈ భృతిని 2020లో 50 శాతానికి పెంచారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, తొలగించిన ప్రతి కార్మికునికీ యజమాని మరో పదిహేను రోజుల వేతనాన్ని పునఃశిక్షణ నిధికి చెల్లించాలంటున్నది. అయితే అదే కోడ్, మూసివేతకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయ్యే కార్మికుల సంఖ్యను 100 నుంచి 300కు పెంచింది. చిన్న పరిశ్రమల కార్మికులకు ఉన్న కాస్త రక్షణా అలా పోయింది.

ఈ హక్కులన్నిటికీ కాగితమే తాళంచెవి. మన సమాజం ఓడిపోతున్నది అక్కడే. ముస్లింలలో లిఖితపూర్వక నియామకం, సామాజిక భద్రత ఉన్న ఉద్యోగాలు తక్కువని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మిల్లు హమాలీగా, లారీ క్లీనర్‌గా, కాంట్రాక్టు ఫిట్టర్‌గా పనిచేసేవాని పరిస్థితి వేరు కాదు. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ అతని సర్వీసు కొత్తగా మొదలైనట్లు రాస్తారు. పదేళ్లు ఒకే గేటు లోపలికి వెళ్లినవాడు కాగితం మీద ఏడాది కూడా పనిచేయనివాడవుతాడు. కొందరి చేత చివరి రోజున రాజీనామా పత్రం మీద సంతకం చేయిస్తారు. స్వచ్ఛందంగా పని మానినవారికి ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతి రాదు. ఆ ఒక్క సంతకంతో హక్కు చేజారిపోతుంది.

మరో చిక్కు ఆదాయ పరిమితి. మైనారిటీ ఆర్థిక సంస్థ సహాయానికి గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయల పరిమితి పెట్టారు. నెలకు 13,000 సంపాదించిన గ్రామీణ కార్మికుని వార్షికాదాయం 1,56,000. నిరుటి జీతాన్ని చూసి ధ్రువపత్రం రాస్తే, నేడు చేతిలో రూపాయి లేనివాడు కూడా అనర్హుడే. తొలగింపు పత్రం చూపినవారికి ప్రస్తుత ఆదాయాన్నే లెక్కించాలి. కాంట్రాక్టరు ఎవరైనా, పనిచేసిన కర్మాగారం ఆధారంగానే సర్వీసు లెక్కకట్టాలి. మార్కెట్ కారణంగా మూతపడిన పరిశ్రమల కార్మికులకు రాష్ట్రం ప్రత్యేక నిధి నెలకొల్పాలి. ఇవి ముస్లింలకు మాత్రమే కోరుతున్నవి కావు. పక్క వరుసలో నిలబడిన దళిత, గిరిజన, వెనుకబడిన తరగతుల కార్మికులందరికీ వర్తించాలి.

మనం చేయవలసిన పనీ ఉంది. ప్రతి మసీదు కమిటీ నెలకొక రోజు చదువుకున్న యువకులను కూర్చోబెట్టి, కార్మికుల ఈఎస్‌ఐ నంబరు, పీఎఫ్ పాసుపుస్తకం, గేటు పాసు, జీతం చీటీ సరిచూడాలి. పని ఉన్నప్పుడే ఇవి భద్రపరచాలి. చదవని కాగితం మీద సంతకం చేయవద్దని చెప్పాలి. కష్టంలో ఉన్న కుటుంబానికి జకాత్ నుంచి ఒక నెల రేషన్ ఇవ్వడం మన ధర్మం. పదేళ్ల చెమటకు రావలసిన పరిహారం మాత్రం ఖైరాత్ కాదు, అతని హక్కు. దానిని ఇప్పించేవరకు మన బాధ్యత తీరదు.